ఆయిల్ అమ్మని సేల్స్‌మన్

"ఖరీదైన ఆయిల్ మీకు అక్కర్లేదు మేడమ్. మామూలుది చాలు."

ఆయిల్ అమ్మడానికొచ్చిన మనిషి నోట ఈ మాట వినగానే నాజియాకు అనుమానం వచ్చింది. ఆమెకు అనుమానం రావడానికి పెద్ద కారణాలేం అక్కర్లేదనుకోండి. పాలు కాస్త పల్చగా ఉన్నా వస్తుంది, ఆటోవాడు మర్యాదగా మాట్లాడినా వస్తుంది. కానీ ఇది మరీ విడ్డూరం కదా!

కాశిబుగ్గలో ఆమె తండ్రి నయీముద్దీన్‌కు నూలు అద్దకం యూనిట్ ఉంది. తడి నూలును ఆరబెట్టే మెషిన్‌కు అక్కడ వేడినిచ్చేది థర్మిక్ ఆయిల్. హీటర్‌లో కాగిన ఆయిల్ పైపుల్లో తిరుగుతూ ఆ వేడిని మెషిన్ దాకా మోసుకెళ్తుంది. కిందటేడు ఒక వ్యాపారి నీళ్ళు కలిసిన డ్రమ్ములు అంటగట్టాడు. హీటర్ వెలిగించగానే ఆ నీరు ఆవిరై, కాగి ఉబ్బిన ఆయిల్ చేరే పైట్యాంకులోంచి ఆయిల్ పొంగి నయీముద్దీన్ చేతిమీద పడింది. చెయ్యి మానింది గానీ నాజియా భయం మానలేదు.

ఇప్పుడు ఉన్న ఆయిల్ కూడా నల్లబడి బెల్లం పాకంలా చిక్కబడింది. కొత్తది ఎంచే బాధ్యత నాజియాదే. ఈసారి తప్పు చేస్తే మళ్ళీ ఎవరి ఒళ్ళు కాలుతుందోనని ఆమెకు గుండెల్లో గుబులు.

"మీ దగ్గర సింథటిక్ ఉంది కదా? అదెందుకు అమ్ముతలేరు?" గుర్రుగా అడిగింది.

"అది మూడొందల డిగ్రీల పైన నడిపేటోళ్ళకు మేడమ్. మీది రెండొందల నలభై దాటదు," అన్నాడు రయీస్. కాజీపేట నుంచి బైక్ మీద వచ్చిన ఆ కుర్రాడికి చెంపన సొట్ట పడుతుంది. అదీ అనుమానించాల్సిన విషయమే.

"మరి మా ఆయిల్ ఎందుకు ఖరాబైంది?"

"అదే జర చూడాలె. వేడికి విరిగిపోయిందా, గాలి తగిలి పాడైందా? వేడికైతే ఖరీదైంది కొనాలె. గాలికైతే ఏది పోసినా ఇదే గతి."

మెషిన్ నడుస్తుండగానే పైపులోంచి సీసాడు ఆయిల్ పట్టుకుని వెళ్ళాడు. మళ్ళీ వచ్చాడు. వేడికి విరగలేదన్నాడు. "అయితే ఆర్డర్ రాసుకోండ్రి" అంటే రాసుకోడు. పంపు సీలు ఎప్పుడు మార్చారు, పొద్దున హీటర్ ఎట్లా వెలిగిస్తారు అంటూ కొత్త ప్రశ్నలు. మళ్ళీ వచ్చాడు. మళ్ళీ ప్రశ్నలే.

నాజియా గేజు చూస్తుంటే అతను నాజియాను చూస్తాడు. ఆమె తల తిప్పితే గబుక్కున గేజు చూస్తాడు. కదలని ముల్లును అంతసేపు చూడటానికి ఏముంటుందో!

"బిడ్డా, ఆ పిలగాడు ఆయిల్ చూడనీకి వస్తాండో, నిన్ను చూడనీకి వస్తాండో," నూలు పిండుతూ నవ్వింది యూనిట్‌లో పనిచేసే సమ్మమ్మ.

"అదేం లేదు పెద్దమ్మా. పక్క యూనిటోళ్ళు పంపిన మనిషి. మన గుట్టు లాగుతాండు."

అలా అంది గానీ, అతను రాని రోజు బైక్ చప్పుడు వినపడితే చాలు, చున్నీ సర్దుకుంటోంది. తన మీద తనకే అనుమానం వచ్చింది.

ఓ మధ్యాహ్నం సన్నగా జల్లు మొదలైంది. నాజియా షెడ్డు వెనక్కి వెళ్ళేసరికి, పైట్యాంకు మెట్ల కింద నయీముద్దీన్ రెండు చేతులా రయీస్ చెయ్యి పట్టుకుని ఉన్నాడు.

"మా బిడ్డకు తెల్వొద్దు బేటా."

"ఎన్నాళ్ళు దాస్తం చాచా? నాకు మంచిగ అనిపిస్తలేదు."

నాజియా గోడ చాటుకు తప్పుకుంది. కమీషన్! చివరికి నాన్న కూడా ఈ ఆయిల్ వాళ్ళతో కలిశాడా? ఇంతలో ఇద్దరూ ఒక్కసారే పైట్యాంకు వైపు చూశారు. ఆమె ఒక్క ఉరుకున మెట్లెక్కేసింది. ప్రమాదం జరిగినప్పటి నుంచి నయీముద్దీన్ తప్ప ఎవరూ ఎక్కని మెట్లవి.

"నాజియా! దిగు బిడ్డా!"

ట్యాంకు మీద పడ్డ చినుకు పడ్డట్టే చుయ్యిమని ఆవిరైపోతోంది. చెయ్యి పెడితే వెచ్చగా మాత్రమే ఉండాల్సిన ట్యాంకు అది. పక్కనే పొద్దుటి వాల్వు. హీటర్ వెలిగించేటప్పుడు ఆయిల్‌లోని తడి పోవడానికి కాసేపు తెరిచి, తర్వాత మూసేయాలి. దాన్ని బార్లా తెరిచి, మూతపడకుండా తీగతో కట్టేశారు.

నయీముద్దీన్ ఆయాసపడుతూ పైకొచ్చాడు. "నేనే కట్టిన. ఎక్కడన్న నీళ్ళు మిగిలి, పొంగి, ఈసారి నీ మీద పడుతదేమోనని..."

"తెరిచి ఉంచితేనే కాగిన ఆయిల్ అంతా ట్యాంకులకొచ్చి గాలి తగులుతాంది అబ్బా! అందుకే ఖరాబైంది."

"రయీస్ గూడ అదే చెప్పిండు. నీ ముందర నామోషీ అయి, చెప్పొద్దన్న."

నాన్న భయమంతా తన కోసమేనని తెలిశాక ఆమె కళ్ళు నిండాయి. తీగ విప్పి వాల్వు మూసి, కిందికి దిగి షెడ్డులోకి వచ్చింది. వెనకాలే వాళ్ళిద్దరూ వచ్చారు. కోపమంతా రయీస్ మీదికి తిరిగింది.

"ఎప్పటిసంది తెలుసు మీకు?"

"రెండోసారి వచ్చినప్పటిసంది. చాచాకు మాటిచ్చిన, చెప్పలేకపోయిన. గానీ వాల్వు మూయకుంట ఏ ఆయిల్ పోసినా మీరే పరేషాన్ అయితరు. అందుకే ఆర్డర్ తీసుకోలే."

నాజియా అతన్ని ఎగాదిగా చూసింది. "సరే, మామూలుదే పంపుండ్రి. ప్రతి డ్రమ్ముకూ నీళ్ళ పరీక్ష నా ముందటనే చెయ్యాలె."

"అట్లనే."

"ఆర్డర్ తీసుకోనోళ్ళు ఇన్నిసార్లు ఎందుకొచ్చిండ్రు మరి?"

రయీస్ తడి జుట్టు వెనక్కి తోసుకున్నాడు. "చాచాను ఒప్పించనీకి సగం. మిమ్మల్ని చూడనీకి సగం. మీరంటే నాకిష్టం. మా అమ్మీకి గూడ చెప్పిన."

నయీముద్దీన్ ఉన్నట్టుండి షెడ్డు గుమ్మంలోంచి మబ్బుల్ని పరిశీలించడం మొదలుపెట్టాడు. నాజియా చున్నీ సర్దుకుంది. అయినా అలవాటు ఎక్కడికి పోతుంది?

"ఇది గూడ సేల్స్ ముచ్చటేనా? అమ్మీకి ఫోన్ చెయ్యుండ్రి. స్పీకర్ పెట్టుండ్రి. నేనున్నట్టు చెప్పొద్దు."

ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు రయీస్. "అమ్మీ..." అన్నాడో లేదో, అవతల నుంచి అతని తల్లి బడేబీ అందుకుంది.

"ఏమైందిరా? ఆ హీటర్ పిల్ల ఇయ్యాల గూడ తిట్టిందా? ఇంకెన్ని దినాలు తిరుగుతవ్ ఆయిల్ పేరు మీద? మేం ఎప్పుడు రావాలెనో వాళ్ళ అబ్బాను అడగరాదు?"

రయీస్ గట్టిగా కళ్ళు మూసుకున్నాడు. నాజియా అతని చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"సలామలేకుం ఖాలా. హీటర్ పిల్లనే మాట్లాడుతున్న. ఇయ్యాల తిట్టలే." సిగ్గుతో చెవులు ఎర్రబడ్డా గొంతు తడబడనివ్వలేదు. "ఎప్పుడు రావాలెనో మీరే అడుగుండ్రి, అబ్బా ఇక్కడనే ఉన్నడు," అంటూ ఫోన్ తండ్రి చేతిలో పెట్టింది.