ముందు ఒప్పుకున్నవారికే మాఫీ

"కమిషన్ నుంచి వచ్చానండి," అన్నాడతను.

"ఎంత పర్సెంటు?" అంది ఐసు ఫ్యాక్టరీ కౌంటర్లో అమ్మాయి, తలెత్తకుండానే.

దేశానికి అది కొత్త చట్టం, అతనికి మొదటి కేసు. వ్యాపారులు పోటీ పడి అమ్ముకోవాలే తప్ప, లోపాయికారీగా కలిసి ధరలు పెంచి జనం జేబులు కత్తిరించకూడదన్నది ఆ చట్టం సారాంశం. అమలు చెయ్యడానికి పోటీ కమిషన్ అని ఒకటి వెలిసింది. దాని ఆస్తి ఒక మేడమ్, ఒక విచారణాధికారి, పశువైద్య శాఖవారు వద్దనుకున్న కుర్చీలు. ఆ విచారణాధికారే మనవాడు. పోటీల చట్టం కంఠతా వచ్చు గానీ, పుట్టి బుద్ధెరిగాక ఏ పోటీలోనూ గెలిచిన పాపాన పోలేదు.

తమది పుచ్చుకునే కమిషన్ కాదనీ, పట్టుకునే కమిషన్ అనీ అతను గొంతు సవరించుకుని చెప్పాడు. ఊళ్ళో మూడు ఐసు ఫ్యాక్టరీలూ ఒకే రోజున ఒకే ధర పెంచాయని చేపలమ్మే ఆడవాళ్ళు ఫిర్యాదు చేశారు. ఐసు కొనలేక వాళ్ళ చేపలు మధ్యాహ్నానికే మెత్తబడిపోతున్నాయి.

"మూడు ఫ్యాక్టరీల మీదా ఎండ ఒకే రోజు కాస్తోంది కదండీ. సూర్యుడి మీద కూడా కేసు పెడతారా?" అందామె.

"ఎవరికి వాళ్ళు లెక్క చూసుకుని ఒకే ధరకి వస్తే తప్పు లేదండి. కూడబలుక్కుంటేనే తప్పు."

ఆమె ఫక్కున నవ్వింది. ఆ ఫ్యాక్టరీలు ఒకటి వాళ్ళ నాన్నది, ఒకటి పెదనాన్నది, ఒకటి మేనమామది. ముగ్గురికీ ఒకరి పొడ ఒకరికి గిట్టదు. పెళ్ళికెళ్తే మూడు మూలల్లో కూర్చుంటారు. వాళ్ళు కూడబలుక్కోవడమా అని ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది.

ఆ నవ్వు మీద మరింత లోతైన విచారణ అవసరమని అతనికి తోచింది. మర్నాడు వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. ఐసు గదిలో నిలబడి తుమ్ముతూ ప్రశ్నలడిగాడు. ఐసు కరగకుండా చూడ్డం ఆమె పని, తను కరగకుండా చూసుకోవడం అతని పని. ఆమె పని మాత్రం బ్రహ్మాండంగా సాగుతోంది.

జాలిపడి ఆమె వేడి టీ తెప్పించింది. విచారణలో ఉన్నవాళ్ళ దగ్గర మంచినీళ్ళయినా ముట్టకూడదని అతను బిక్కమొహం వేశాడు. మర్నాటి నుంచి ఇంటి దగ్గర్నుంచి ఫ్లాస్కు మోసుకొచ్చాడు. కౌంటరుకి అటు ఆమె టీ ఆమె, ఇటు అతని టీ అతను తాగేవారు. చట్టానికి చిల్లు పడలేదు. చూపులకి చట్టంలో సెక్షను లేదు.

ఒకరోజు సన్నగా వాన పడుతోంది. బోర్డులు రాసే పెయింటరు రిక్షా వేసుకుని ఫ్యాక్టరీ ముందు ఆగాడు. రిక్షాలో కొత్త ధరల బోర్డులు మూడున్నాయి, మూడు ఫ్యాక్టరీలవీ.

"అమ్మా, మూడూ కలిపి చేయిస్తే తగ్గిస్తానన్నానని మీ నాన్నగారు ధర పెంచే ముందు రోజు చీట్లాటలో మీ పెదనాన్నగారికీ మామయ్యగారికీ కూడా చెప్పి ఒప్పించారు. తక్కిన రెండూ ఇక్కడే దించెయ్యనా?"

బోర్డుల మీద మిగిల్చుకోబోయి ముగ్గురు పెద్దమనుషులూ బోర్డెక్కేశారు. ఆమె మొహం ఐసుకంటే తెల్లబడింది.

"నాకు తెలీదు," అంది.

"మీకు తెలీదని నాకు తెలుసు," అన్నాడు.

తర్వాత, తక్కిన రెండు ఫ్యాక్టరీల వాళ్ళకి చెప్పినట్టే ఆమెకీ చెప్పాడు: కమిషన్ గుమ్మం పక్కన పెద్ద అక్షరాలతో అంటించిన రూలే అది. ముందుగా వచ్చి నిజం ఒప్పుకున్నవారికి జరిమానా పూర్తిగా మాఫీ, రెండోవారికి సగం, మూడోవారికి మొండిచెయ్యి. పూర్తి జరిమానా పడితే ఫ్యాక్టరీకి తాళమే.

"మరి మీరేం చేస్తారు?" అని అడిగిందామె. అతను వానలోకి నడిచాడు.

పెయింటరు మాట విన్నది తామిద్దరే. వినలేదనుకుంటే కేసు మూతపడుతుంది, ఆమె నవ్వు మిగులుతుంది, చేపలు మెత్తబడతాయి. విన్నానంటే ఆమె మళ్ళీ తన మొహం చూడదు. ఆఫీసు దాకా తడిసి, తలుపు తోసి, బోర్డుల సంగతంతా మేడమ్‌కి చెప్పేశాడు. ఈ కేసు ఇక తను చెయ్యలేనని కూడా చెప్పాడు.

మేడమ్ కళ్ళజోడు తీసింది. "వాళ్ళ దగ్గర ఏమైనా పుచ్చుకున్నావా?"

"టీ కూడా తాగలేదండి."

"మరి?"

"తాగాలని ఉందండి."

మేడమ్ కేసు తన చేతిలోకి తీసుకుంది.

మర్నాడు పొద్దున్నే పనిలేక ఆఫీసు మెట్ల మీద ఫ్లాస్కుతో కూర్చున్నాడు. ఆమె గబగబా ఎక్కి వచ్చింది. తన ముందు ఇంకెవరైనా వచ్చారా అని మాత్రం అడిగి లోపలికి వెళ్ళిపోయింది. ఫ్యాక్టరీలో నాన్న సంతకంతో సమానంగా ఆమె సంతకమూ చెల్లుతుంది. సొంత అన్ననీ బావమరిదినీ పట్టివ్వనని నాన్న భీష్మించుకు కూర్చుంటే, ఆయన చీట్లాటలో ఏం ఆడారో తనే చెప్పడానికొచ్చింది.

తిరిగొచ్చి అతని పక్కన మెట్టు మీద కూలబడింది. మాఫీ తమకే దక్కిందనీ, ఐసు ధర ఈ రోజే దించాలని మేడమ్ చెప్పిందనీ అంది.

"మీరు కేసు వదిలేశారటగా. ఎందుకు?"

"నేను నిన్ననే వచ్చి ఒప్పేసుకున్నాను."

"ఏమని?"

అతను ఫ్లాస్కు కేసి చూశాడు. ఆమెకి అర్థమైంది. ఫ్లాస్కు మూత తీసి, అందులోనే టీ వంపుకుని, ఒక గుక్క తాగింది.

"అయితే మీరే ముందు," అంది. "నాకింక సగం మాఫీయే."

కింద తోపులాట వినబడింది. ఇరుకు మెట్ల మీద నాన్న, పెదనాన్న, మేనమామ ఒకరి భుజాల మధ్య ఒకరు ఇరుక్కుపోయి ఉన్నారు. ఒకరినొకరు పట్టివ్వబోమని ఒట్లు వేసుకుని, ఎవరికి వారే పరుగున బయల్దేరారు. ఎందుకొచ్చావని మేనమామ నిలదీస్తే, పశువైద్యుడి కోసమన్నాడు పెదనాన్న. విచారణకొచ్చినప్పుడు ఆఫీసు కుర్చీల మీద ఆ శాఖ పేరు చదివినట్టున్నాడు.

నాన్న ఎలాగో తల పైకెత్తి, కూతురి చేతిలో ఆఫీసరు గారి ఫ్లాస్కు మూత చూశాడు.

"ఏంటమ్మా ఇది? ఇద్దరూ ముందే కూడబలుక్కున్నారా?"

"లేదు నాన్నా. ఎవరికి వాళ్ళమే వచ్చాం ఈ ధరకి."

మూతలో మిగిలిన టీ అతనికి అందించింది.

"ఇప్పుడు కూడబలుక్కుంటాం. మీరు ముగ్గురూ కాసేపు వెనక్కి దిగండి."