తెలిసిన కుటుంబం

"చిన్నివాళ్ళ మామయ్యగారూ, మీరు కాస్త వెనక్కి కూర్చోండి. పరీక్ష చిన్నికి."

"సరే మేడమ్." రఘునందన్ కుర్చీని స్ఫూర్తి వెనక్కి జరుపుకున్నాడు.

స్ఫూర్తి పనిచేసే సంస్థ పదివేల మంది పిల్లల మెదడు ఎలా ఎదుగుతోందో ఏటేటా పరిశీలిస్తుంది. ఫిలింనగర్‌లోని ఈ మేడమీది వాటాకి ఆమె రావడం ఇది మూడో ఏడు. ఆమె వచ్చే రోజున రఘునందన్ షూటింగ్‌కి సెలవు పెడతాడని అతని తల్లి రాజమ్మకి తెలుసు. స్ఫూర్తికి తెలియదు.

"టీ తాగు బిడ్డా," అంది రాజమ్మ.

"వద్దండీ. డ్యూటీలో తాగకూడదు."

స్ఫూర్తి ట్యాబ్‌లోంచి పదిహేను మాటలు చదివింది. రఘునందన్ మేనకోడలు చిన్ని గుర్తున్నవి తిరిగి చెప్పాలి. ఆరో మాట దగ్గర పిల్ల ఆగి మామ వైపు చూసింది.

రఘునందన్ అసిస్టెంట్ డైరెక్టర్. తెలుగు రాని హీరోయిన్లకి కెమెరా పక్కనుంచి డైలాగులు అందించడం ఆరేళ్ళుగా అతని పని. ఎదుటి మనిషి తడబడితే చాలు, అతని పెదవులు వాటంతటవే కదులుతాయి. కదిలాయి.

"గొడుగు! జామకాయ! దువ్వెన!" పదిహేనూ వచ్చేశాయి.

"అబ్బ! ఈ ఏడాది పదిహేనూ చెప్పింది నువ్వొక్కదానివే!" అంటూ వెనక్కి తిరిగిన స్ఫూర్తి ముఖం వెలిగిపోయింది.

అంత నవ్వు అతను మూడేళ్ళలో చూడలేదు. నిజం చెబితే ఆమె మళ్ళీ ఈ గడప తొక్కదేమో. బయట సన్నగా వాన మొదలైంది.

"మేడమ్, సేవ్ చెయ్యకండి. సగం నేనే అందించిన."

"ఏంటీ?"

"మామ మంచిగ చెప్పిండు!" అంది చిన్ని.

"పదివేల మందిలో ఒక్క పిల్ల లెక్క తప్పితే ఎవరికి తెలుస్తుందనుకున్నారా?"

"గట్ల అనుకుంటే మీకు చెప్పకపోదును గదా."

స్ఫూర్తి ట్యాబ్ వైపు తిరిగింది. రికార్డు రద్దు చేసి, వారం తర్వాత వేరే మాటలతో మళ్ళీ పరీక్ష ఉంటుందని రాజమ్మకి చెప్పి వెళ్ళిపోయింది.

వారం తర్వాత జగదీశ్ అనే కొత్తతను ట్యాబ్‌తో మెట్లెక్కి వచ్చాడు. రఘునందన్ అతని వెనక మెట్లవైపు చూశాడు.

"స్ఫూర్తి మేడమ్ రాలేదా?"

"కింద ఉన్నారండీ."

అతను మెట్లు దిగి పరుగెత్తాడు. గేటు దగ్గర ఆమె గొడుగు కింద నిలబడి ఉంది.

"మీరు పైకి రారా?"

"తెలిసినవాళ్ళ పిల్లలకి మేం పరీక్ష పెట్టకూడదు. అందుకే ఫైలు జగదీశ్‌కి ఇచ్చేశాను, తెలిసిన కుటుంబం అని రాసి."

"మూడేండ్ల సంది వస్తున్నరు. అప్పుడు తెల్వదా మేము?"

"పోయిన వారమే తెలిశారు."

రఘునందన్ పెదవులు కదిలాయి కానీ మాట రాలేదు.

"ఏం, డైలాగు అందించమంటారా?"

"జర అందించండి."

"టీ తాగుదామా, అనండి."

"టీ తాగుదమా?"

పైనుంచి చిన్ని గొంతు వినిపించింది. ఏడు మాటలే. ఏడూ దానివే.