గల్లీ సద్దుమణిగిన వేళ

శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళకు మొగల్‌పురాలోని ఆ గల్లీలో షట్టర్లు ఒకటొకటిగా దిగుతాయి. గాజుల బండ్లవాళ్లు సరుకు మీద గుడ్డ కప్పి వెళ్తారు. ఆటోలు ఆగిపోతాయి. అందరికీ అది పని ఆపే వేళ. వీణకు మాత్రం పని మొదలుపెట్టే వేళ.

వీణ భౌతిక శాస్త్రవేత్త. ఎక్కడో నక్షత్రాలు ఢీకొన్నప్పుడు పుట్టే గురుత్వ తరంగాలను పట్టే యంత్రాలున్నాయి. వాటిలో వేలాడే అద్దాలకు వేసే పూత మీద ఆమె పరిశోధన. వచ్చే అల ఎంత సన్నదంటే, అద్దం తనంతట తాను ఏ కాస్త వణికినా అది అందులో కలిసిపోతుంది. పూత మంచిచెడ్డలు తేల్చడానికి ఓ పద్ధతి ఉంది. పూత వేసిన గాజుబిళ్లను, గాలి తోడేసిన ఉక్కు పెట్టెలో సన్నటి పోగుకు వేలాడదీస్తారు. ముట్టుకోకుండా, కరెంటుతో ఒక్కసారి కదిలిస్తారు. బిళ్ల మోగుతుంది. ఎంత సేపు మోగితే పూత అంత మేలు.

చుట్టూ నేల కదలకూడదు. అందుకే ఆమె పనిచేసే సంస్థ ఆ గల్లీలో నవాబుల నాటి పాత బంగళా, దేవిడీ అంటారు, దాని కింది నేలమాళిగను అద్దెకు తీసుకుంది. రాతి గోడలు, అడుగున బండ. గల్లీ ఆగిన ఆ కాసేపటి లెక్కలే, ఏ పూత వాడాలో తేల్చే కమిటీకి పనికొస్తాయి.

కొన్ని వారాలుగా ఆ కాసేపే చెడుతోంది. మిగతా రోజుల్లో బయటి రణగొణ మధ్య హాయిగా మోగే బిళ్ల, గల్లీ సద్దుమణగగానే టక్కున ఆగిపోతోంది. మోగే ఇత్తడి పళ్లేన్ని ఎవరో గట్టిగా పట్టుకున్నట్టు.

నేలమాళిగ తాళంచెవులు రెండే. రెండోది తోటి శాస్త్రవేత్త సామ్యూల్ దగ్గరుంది. అతను పరీక్షకు పెట్టింది ఇంకో పూత. సోమవారం కమిటీ కూర్చుంటుంది. ఇవాళ కూడా బిళ్ల మోగకపోతే అతని పూతే యంత్రంలోకి వెళ్తుంది. వీణ ఇన్నేళ్ల పని అటకెక్కుతుంది.

మెట్ల దగ్గర ఇంటి ఓనరు వైకుంఠం ఎదురయ్యాడు. బట్టల హోల్‌సేల్ వ్యాపారం ఆయనది.

“గీ టైమ్‌లనే కిందికి వోవుడేంది మేడమ్? మా అమ్మ జూస్తె నన్ను కోప్పడ్తది.”

“ఎందుకండీ?”

“గల్లీ సప్పుడు ఆగిందంటె ఇంట్ల గంటె గూడ మోగనియ్యది. నమాజుకు ఆగినా, బంద్‌కు ఆగినా ఆమెకు ఒకటే. ఎన్కట కర్ఫ్యూలల్ల అందరు పిల్లజెల్లలతోని ఆ నేలమాళిగలనే సప్పుడు జెయ్యకుంట దాగేటోళ్లట. ముసలామె, ఏం జెప్తం!” నవ్వుతూ షట్టర్ దించడానికి వెళ్లిపోయాడు.

సామ్యూల్ అప్పటికే కింద ఉన్నాడు. తడి రాయి వాసన, పాత సున్నం వాసన.

“గోడకాడ కుర్చీల కూసో. చేతులు మోకాళ్ల మీద పెట్టు,” అంది వీణ. “నేను గూడ గట్లనే కూసుంట.”

“బేడీలు గూడ తేకపోయినవా?” అన్నాడతను. “అనుమానం మస్తుగుంది నీకు.”

“ఉంది.”

బిళ్లను కదిలించింది. వెంటనే దాన్ని కదిలించే కరెంటు పెట్టె ప్లగ్గు పీకి, తీగ తన కాళ్ల దగ్గర వేసుకుంది. గాలి తోడే పంపు ముందే ఆపేసింది. లైటు ఆర్పింది. కంప్యూటర్ తెర నీలి వెలుగు ఒక్కటే మిగిలింది. స్పీకరులోంచి బిళ్ల మోత సన్నటి కూతలా వస్తోంది.

పైన ఆఖరి షట్టర్ దిగింది. ఒక బండి దూరమైంది. ఆ తర్వాత ఏమీ లేదు.

కూత సాగుతోంది... సాగుతోంది...

ఆగిపోయింది.

వీణ తల తిప్పింది. సామ్యూల్ చేతులు మోకాళ్ల మీదే ఉన్నాయి. ముఖం పాలిపోయింది.

“నేను గాదు,” అని గుసగుసగా అన్నాడు. “ఇన్ని రోజులు నువ్వే అనుకున్న.”

“నేనా?”

“నన్ను బద్నాం జేస్తందుకు.”

వీణ స్పీకరు వైపు తిరిగింది. అందులో ఏదో వినిపిస్తోంది. కూత కాదు. ఊపిరి. చిన్న ఊపిరి... మూసుకుపోయిన ముక్కుతో తీస్తున్నట్టు. స్పీకరుకు మైకు లేదు. బిళ్ల కదిలితేనే అందులో చప్పుడు వస్తుంది. పెట్టెలో గాలి లేదు.

“ఇంటున్నవా?”

“ఇంటున్న...”

పాలు విరిగిన వాసన. చెమట పట్టిన బట్ట వాసన. ఊపిరి వెక్కుగా మారింది. వెక్కు పసిగొంతు మూలుగైంది. అది స్పీకరులోంచి కాక మెట్ల కింది మూల నుంచి వస్తోంది.

ఏడవబోతోంది.

వీణకు ఆ క్షణాన పట్టిన భయం ఆ మూలను చూసి కాదు. బయటికి వినిపిస్తుందేమోనని. గల్లీలో ఉన్నవాళ్లకు వినిపిస్తుంది... వాళ్లు ఆగుతారు... తలుపు దగ్గరికి వస్తారు... ఎవరు వాళ్లు? ఆమెకు తెలియదు. వినిపించకూడదు, అంతే.

మూలుగు పెరిగింది.

వినిపించకూడదు.

ఆ తర్వాత కాసేపు ఏం జరిగిందో ఆమెకు గుర్తులేదు.

మూలుగు లేదు. ఊపిరీ లేదు. చీకట్లో కూత మళ్లీ మొదలైంది. ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే, నిలకడగా, స్వచ్ఛంగా. తెర మీద గీత వంకర లేకుండా మెల్లగా దిగుతోంది. మధ్యలో తెగిన గుర్తే లేదు. పైన ఆటో హారన్ మోగేదాకా ఆ కూత సాగింది. ఇన్నేళ్లలో అంత మంచి లెక్క ఏ పూతకూ రాలేదు.

“వచ్చింది సామ్యూల్... చూడు! సోమవారం ఇదే చాలు.”

అతను తెర వైపు చూడలేదు. గోడకు అంటుకుపోయి నిలబడ్డాడు.

“అదెట్ల ఆగింది?” అన్నాడు.

“ఏమో. దానంతట అదే...”

“నువ్వు కుర్చీల లెవ్వు వీణా. లేచి గా మూలకు వోయినవు. పిలిస్తె పలుకలే. కిందికి వంగి కూసున్నవు. అది ఊకునేదాక లెవ్వలే.”

“పిచ్చి మాటలు మాట్లాడకు.”

తడుముకుంటూ స్విచ్ వేసింది. ట్యూబ్‌లైటు రెండుసార్లు కొట్టుకుని వెలిగింది. మెట్ల కింద మూల ఖాళీగా ఉంది. స్విచ్ మాత్రం తడిసింది. ఆమె చెయ్యి చూసుకుంది.

అరచెయ్యంతా చొంగ. నడుమ, బొటనవేలి కింద, అర్ధచంద్రంలా పళ్ల గాట్లు. చిన్నవి. పాలపళ్లంత. ఒక గాటులోంచి నెత్తురు ఇంకా ఊరుతోంది.