పూస ఒప్పుకోని సరే

2079 నాటికి ఒంగోల్లో ప్రశాంతంగా ఇడ్లీ తినడం కూడా గగనమైపోయింది. ఆ ఉదయం బస్టాండు పక్క హోటల్లో వకుళకు ఎదురుగా కూర్చున్న పెద్దాయన మొదటి ముక్క నోట్లో పెట్టుకున్నాడో లేదో, ఆయన చెవి వెనక ఉన్న పూస అడగనే అడిగింది. వినికిడి తక్కువేమో, పైకి వినిపించేలా పెట్టుకున్నాడు.

"మీరు ఇక్కడ టిఫిన్ చేస్తున్న సంగతి అరుగు మీద మీ స్నేహితులకు చెప్పవచ్చా?"

"ఆఁ, సరేలే."

"మీరు వినలేదు. ఈ ఒప్పుకోలు చెల్లదు. మళ్ళీ చెబుతాను."

"మా ఇంటామె అయినా ఒకసారికి వదిలేస్తది గానీ, ఇది వదల్దే" అని పెద్దాయన గొణిగాడు.

వకుళ తల వంచుకుని చట్నీలోకి చూసింది. ఆ పూసను కనిపెట్టింది తనే మరి.

అరుగు అంటే ఊరూవాడా ఒకరి సంగతులు ఒకరు చూసుకునే సోషల్ నెట్‌వర్క్. అందులో ఎవరి పేజీ వాళ్ళ గోడ. ఎవరేం తిన్నారు, ఎక్కడ తిరిగారు, ఎవరి గోడలోకి తొంగిచూశారు, అన్నీ దానికి తెలుసు. వెనకటికి జనం నలభై పేజీల షరతులు చదవకుండా "సరే" నొక్కేసి, తర్వాత లబోదిబోమనేవాళ్ళు. వకుళ తయారుచేసిన ఈ పూస, అసలు పేరు సమ్మతి నిర్ధారిణి, ఆ ఆట కట్టించింది. శనగగింజంత సెన్సర్ అది. చెవి వెనక నాడినీ మెదడు తరంగాలనూ చదివి, మనిషి ప్రశ్నను చివరిదాకా విని, అర్థం చేసుకుని ఒప్పుకుంటేనే సంగతి బయటికి పంపుతుంది. వద్దనడానికి మాత్రం ఏ పరీక్షా లేదు. ఆ నియమం వకుళ పట్టుబట్టి పెట్టించింది.

ఆ పట్టుదల ఊరికే రాలేదు. ఆరేళ్ళ కిందట, ఇంకా పూస రాకముందు, ఆవిడ కాన్సర్‌తో ఆస్పత్రిలో ఉన్నప్పుడు, గుండుతో, ముక్కులో గొట్టంతో ఉన్న ఫొటోను కందుకూరులో ఉండే అక్క సుభద్ర అరుగు మీద పెట్టేసింది. "మా చెల్లి యముణ్ణి వెనక్కి పంపింది" అని కింద రాసింది కూడా. నాలుగువేల మంది చూశారు. వాళ్ళలో వకుళ ఆఫీసు వాళ్ళూ ఉన్నారు.

"నీ మీద ప్రేమతోనే పెట్టానే."

"నన్ను అడిగావా?"

అంతే. ఆ తర్వాత అక్కాచెల్లెళ్ళకు మాటల్లేవు. వకుళ తన గోడకు తాళం వేసి, దాన్ని చూడగలిగేవాళ్ళ జాబితాలోంచి అందరి పేర్లూ తీసేసింది. అక్క పేరు దగ్గర మాత్రం వేలు ఆగిపోయింది. తర్వాత తీసేద్దాంలే అనుకుంది, తీయలేదు. ఆ గోడ మీద అప్పుడప్పుడూ మిద్దె మీది కాకరపాదు ఫొటోలు పెట్టుకునేది. తనకోసమేనని సర్దిచెప్పుకునేది.

ఇక అక్క గోడ బజారే. గేదె ఈనినా, ఆవకాయ పెట్టినా అందరికీ చెప్పాల్సిందే. ఆ గోడ చూడకుండా వకుళకు తెల్లవారేది కాదు.

ఆ రోజే కొత్త చట్టం అమల్లోకి వస్తోంది. మన గోడను ఇన్నేళ్ళుగా ఎవరు చూశారో తెలుసుకునే హక్కు ఇచ్చారు. అయితే చూసినవాళ్ళు ఒప్పుకుంటేనే పేరు చెబుతారు. లేకపోతే ఎంతమంది, ఎన్నిసార్లు చూశారన్న లెక్క వరకే. ఆ ఉదయం పదింటికల్లా పాత జాబితాలన్నీ శాశ్వతంగా చెరిపేస్తారు.

పావు తక్కువ పదికి వకుళ పనిచేసే లాబ్‌లో పరీక్షల కోసం పైకి వినిపించేలా పెట్టుకున్న ఆవిడ పూస మాట్లాడింది. "మీరు సుభద్ర గారి గోడను రెండువేల రెండువందల ఏడుసార్లు చూశారు. ఆ సంగతి ఆమెకు చెప్పవచ్చా?"

"వద్దు" అంది వకుళ. తను ఇంతకాలం బింకంగా కూర్చున్నదంతా అక్క ముందు నవ్వులపాలు కావడం ఆవిడకు ఇష్టం లేదు. కానీ పదింటి తర్వాత, తను ఒక్కరోజు కూడా అక్కను మరిచిపోలేదని చెప్పే సాక్ష్యమే ఉండదు.

"అక్కగారి సంగతేనా మేడం?" అని అడిగాడు పక్క బల్ల దగ్గర పనిచేసే మస్తాన్.

"నీ పని చూసుకో మస్తానూ."

పూస మళ్ళీ పలికింది. "ఇక మీ గోడ వివరం. తాళం వేసిన నాటి నుంచి మొత్తం పంతొమ్మిది వందల ముప్ఫైసార్లు చూశారు. చూసింది ఒక్కరే. ఆ వ్యక్తి పేరు చెప్పవద్దన్నారు."

పూస ఎవరి గుట్టూ విప్పలేదు. దాని పని అది పొల్లు పోకుండా చేసింది. కానీ ఆ గోడలోకి రాగలిగిన మనిషి ఈ లోకంలో ఒక్కతే. ఆరేళ్ళుగా గుండెల మీద కూర్చున్న బండ పక్కకు జరిగినట్టయింది. వకుళకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"కాకరపాదును పంతొమ్మిది వందలసార్లు ఎవరు చూస్తారు మస్తానూ?"

"పాదు కోసం ఎవరు చూస్తారు మేడం" అన్నాడు మస్తాన్. "టైము పది నిమిషాలే ఉంది."

"నా జవాబు మార్చుకుంటున్నా. అక్కకు చెప్పు" అంది వకుళ.

"నాడి వేగంగా ఉంది. భయపడి చెబుతున్నారా?"

"భయంగానే ఉంది. అయినా చెప్పు."

"తెలిసే చెబుతున్నారు. చెల్లుతుంది."

ఒక నిమిషం గడిచింది. మూడు నిమిషాలు గడిచాయి. వకుళ గడియారం వంక చూస్తూ చీర కొంగు మెలిపెట్టింది. పదికి రెండు నిమిషాలుందనగా పూస మేలుకుంది.

"సుభద్ర గారు మీకు ఫోన్ చెయ్యవచ్చా అని అడుగుతున్నారు. అలాగే..."

"సరే, సరే!"

"మీరు ప్రశ్న పూర్తిగా వినలేదు. ఈ ఒప్పుకోలు చెల్లదు. మళ్ళీ చెబుతాను."

మస్తాన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆ వాక్యం రాసిన మనిషి చేతులు కట్టుకుని, బుద్ధిగా, చివరిదాకా వింది.

"సుభద్ర గారు మీకు ఫోన్ చెయ్యవచ్చా అని అడుగుతున్నారు. అలాగే, మీరిద్దరూ మాట్లాడుకునేది అరుగు మీద అందరికీ వినిపించవచ్చా అని కూడా అడుగుతున్నారు."

వకుళ పగలబడి నవ్వింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది. అక్క ఏమీ మారలేదు, కానీ ఈసారి అడిగింది.

"మొదటిదానికి సరే. రెండోదానికి వద్దు" అంది. పూస రెండు జవాబులనూ ఒప్పుకుంది.

ఫోన్ మోగింది.