ముట్టినట్టు సంతకం

రెజిమెంటల్ బజార్ వెనక సందులోని ఆ పచ్చతలుపుల ఇంటికి మంచి పేరు లేదు. ఏడాదిలో మూడు కుటుంబాలు దిగాయి, మూడూ నెల తిరక్కుండానే ఖాళీ చేశాయి. బయట తాళం వేలాడుతుండగా లోపల గొళ్ళెం తీసిన చప్పుడు... చెవులారా విన్నానంటుంది ఎదురింటి కమలాబాయి. ఆవిడ చెప్పేదాంట్లో సగం తీసేసినా, మిగిలిన సగం చాలు నిద్ర చెడడానికి.

అంతా తెలిసే జ్ఞానమణి ఆ ఇంట్లో అద్దెకు దిగింది. భర్త ఏసురత్నం పోయి ఎనిమిది నెలలు. రైల్వే పార్సిల్ ఆఫీసు క్లర్కు. వచ్చిన పార్సిల్‌కు దెబ్బ తగిలిందేమో చూసి, రాసి, ఆ తరవాతే సంతకం పెట్టే మనిషి. ఇంటికి వంకాయలొచ్చినా పుచ్చులెన్నో తేల్చందే సంచి అందుకునేవాడు కాదు.

ఆయన పోయాక మౌలాలి రైల్వే క్వార్టర్ ఖాళీ చేయక తప్పలేదు. ఆమె బెంగ దెయ్యాల గురించి కాదు. రోజూ రాత్రి ఆయన కుర్చీ పక్కన కూర్చుని నాలుగు మాటలు చెప్పుకునేది. ఇల్లు మారితే ఆయన అక్కడే ఉండిపోతాడేమో! ఈ కొత్త అడ్రసు ఆయనకెవరు చెబుతారు?

పగలు లారీలను ఊళ్ళోకి రానివ్వరు. అందుకని సామాను రాత్రి పదిన్నరకు బయల్దేరింది. క్వార్టర్ ఊడ్చి, లైట్లార్పి, గోడకు "వస్తానండీ" అని చెప్పుకుని, ఆమె ఆటో ఎక్కేసరికి రెండు గంటలు ఆలస్యమైంది.

సందు మొదట్లో లారీ ఎదురొచ్చింది — ఖాళీగా.

ఇంటి తాళంచెవి ఆమె సంచిలోనే ఉంది.

"సామానేదయ్యా?"

మూవర్స్ సూపర్‌వైజర్ హరికిషన్ లారీ కిటికీలోంచి తల బయటపెట్టాడు. "లోపల పెట్టేసినమమ్మా. సార్ ఉన్నడు గదా."

"ఏ... సారు?"

"తలుపు కొడితే లోపల్నుంచి గొళ్ళెం తీసిండు. జెర సతాయించిండు సుత. ఒక్కో డబ్బా విప్పించి చూసినంకనే సంతకం పెట్టిండు."

సామాను లిస్టు కాగితం ఆమె చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. చదివే ధైర్యం లేక ఆమె దాన్ని గుప్పిట్లో నలిపి పట్టుకుంది.

ఇంటి ముందు ఆటో దిగగానే, ఎదురింటి కమలాబాయి కిటికీలోంచి గుసగుసగా అంది: "పోకమ్మా... తెల్లారినంక పోదువు."

పచ్చతలుపుకు తాళం వేసినట్టే ఉంది.

తాళం తీసింది... లైటు వేసింది.

ఎవరూ లేరు.

మంచం కిటికీ కింద. బియ్యం డబ్బా పొయ్యికి ఎడమపక్కన. అంతా మౌలాలిలో ఉన్నట్టే. కుర్చీ మాత్రం గుమ్మం వైపు తిరిగి ఉంది.

అప్పుడు విప్పింది కాగితం. ప్రతి వస్తువు పక్కనా ఎర్ర సిరాతో టిక్కు. కింద ఎడమవైపు వాలిన అక్షరాలు —

"అన్నీ ముట్టినవి. కుర్చీ వెనక కాలు గీరుకున్నది."

కింద సంతకం. ముప్పై ఏళ్ళుగా ఆమె చూసిన సంతకం.

వంగి, కుర్చీ వెనక కాలు తడిమింది. వేలికి పచ్చి గీత తగిలింది.

వీపు వెనక గొళ్ళెం... మెల్లగా పడింది.

జ్ఞానమణి ఉలిక్కిపడింది. తిరిగి చూడలేదు. కుర్చీ పక్కన నేలమీద చతికిలబడి, కళ్ళు తుడుచుకుంది.

"అడ్రసు ఎవరు చెప్పారండీ?" అని అడిగింది.