దూరపు చుట్టం

లిఫ్టులు బాగుచేయించే మనిషి లిఫ్టు ఎక్కకుండా నాలుగంతస్తులు మెట్లెక్కి వచ్చాడంటే, వ్యవహారం పీకల మీదికి వచ్చిందనే అర్థం. గురువారం ఉదయం పది గంటలకు టెలిఫోన్ వదిన ఆఫీసు తలుపు తోసుకుని లోపలికి వచ్చిన పెద్దమనిషి సరిగ్గా ఆ పనే చేశాడు. అరవై దాటిన వయసు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. కుర్చీలో కూలబడి, ఇచ్చిన మంచినీళ్లు సగం మీద పోసుకుని సగం తాగాడు.

టెలిఫోన్ వదిన ఇరవై ఆరేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి, ఆ తర్వాత ప్రైవేటు డిటెక్టివ్‌గా బోర్డు పెట్టింది. మనుషులకు మొహంతో అబద్ధమాడటం వచ్చినంత బాగా మాటతో ఆడటం రాదని ఆమె గట్టి నమ్మకం. ఆమె సహాయకుడు స్వయానా మరిది. లైబ్రరీ ఉద్యోగం నుంచి రిటైరై, వదిన చెప్పే ప్రతి ముక్కా నోటుపుస్తకంలో రాసుకోవడమే మహాభాగ్యమనుకునే మనిషి. ఆయన ‘వదినా’ అనడం విని వచ్చినవాళ్లు కూడా అలాగే అంటారు.

“అమ్మా, సాయంత్రం నాలుగింటికల్లా కంటి ఆసుపత్రి డాక్టరుకు నేనొక పేరు చెప్పాలి,” అన్నాడు పెద్దమనిషి. “చెప్పకపోతే పోలీసులు నేరుగా మా ఆఫీసుకు వస్తారు.”

విషయం ఇది. ఆయనకు లిఫ్టుల మరమ్మతు కంపెనీ ఉంది. నిన్న మధ్యాహ్నం కంటి ఆసుపత్రి లిఫ్టు రెండో అంతస్తు నుంచి బ్రేకు పట్టక జారిపోయి అడుగున గుద్దుకుంది. కళ్లకు కట్లున్న నలుగురు రోగులు అంతకు నిమిషం ముందే దిగారు. లోపల మిగిలిన లిఫ్ట్‌మ్యాన్ కాలు రెండుచోట్ల విరిగింది. లిఫ్టు కుదుపుతోందని ఆసుపత్రివాళ్లు పోయిన వారమే ఉత్తరం పంపారు. మంగళవారం మెకానిక్ వెళ్లాలి. వెళ్లలేదు. ఆ విజిట్ వచ్చే నెలకు మారిపోయింది, ఉత్తరం కంప్యూటర్లోంచి మాయమైంది.

“మార్చింది ఎవరు?”

“మా దూరపు చుట్టం,” అన్నాడాయన, తర్వాత తడబడ్డాడు. “అంటే చుట్టం కాదమ్మా. ఆఫీసులో అందరూ పెట్టిన పేరు. ఎక్కడో వేరే ఊళ్లో ఇంట్లో కూర్చుని కంప్యూటర్ మీద మా పని చేస్తుంది. ఏ లిఫ్టు ఏ రోజు చూడాలి, ఉత్తరాలకు జవాబులు, అన్నీ ఆ అమ్మాయే. రెండేళ్లయింది.”

“మీరు మాట్లాడారా?”

“ఎప్పుడు? నిన్నా?”

“ఈ రెండేళ్లలో.”

మొదటి రోజు ఆఫీసు నుంచి ఫోన్ చేస్తే ఆ అమ్మాయే తీసిందట, రేపటి నుంచి పని మొదలవుతుందని చెప్పిందట. ఆ తర్వాత అన్నీ రాతల్లోనే. పని నమ్మి అప్పగించడం వేరు, చేతులు దులుపుకోవడం వేరు. ఆ తేడా తెలియని యజమానులు లోకంలో కొల్లలు, ఈయనా వాళ్లలో ఒకడు.

“పైగా నిన్న సాయంత్రం నుంచి ఇంకో ఘోరం. నన్ను అడక్కుండా వేరే నాలుగు బిల్డింగులకు కబురు పంపి లిఫ్టులు ఆపించేసింది. పిచ్చి పట్టిందేమో! ఆ నాలుగు బిల్డింగులవాళ్లూ నన్ను తిడుతున్నారు. పేరు రాసి పోలీసులకు ఇచ్చేద్దామనుకున్నాను. కానీ చెయ్యి రాలేదు.”

“ఎందుకని?”

“చేయని మనిషిని పట్టిస్తే?” ఆయన గొంతు తగ్గింది. “ఒకవేళ ఆ అమ్మాయి కాకపోతే, అది మా వాళ్లలోనే ఎవరో అవుతారు. అదే నా భయం.”

టెలిఫోన్ వదిన చేతిసంచీ అందుకుంది.

కంటి ఆసుపత్రి పైకప్పు మీద లిఫ్టు మోటారు గది. ప్రమాదం జరగగానే డాక్టరు దానికి తాళం వేసి తాళంచెవి తన దగ్గర పెట్టుకున్నాడు. లిఫ్ట్‌మ్యాన్ తన దగ్గర పదిహేనేళ్లుగా ఉన్నాడని, నాలుగు దాటితే ఒక్క నిమిషం కూడా ఆగనని చెప్పి తలుపు తీశాడు. గదిలో గ్రీజు వాసన. బ్రేకు మూతకు నాలుగు స్క్రూలు. గది మొత్తానికి ఏడాది కింద వేసిన ఆకుపచ్చ రంగు ఆ స్క్రూల తలల మీద కూడా ఉంది, ఎక్కడా చెక్కుచెదరలేదు. పక్కన మేకుకు వేలాడే సర్వీసు కార్డు మీద మాత్రం, పోయిన నెల ‘బ్రేకు లైనింగ్ మార్చబడినది’ అని కంపెనీ స్టాంపు ఉంది. సంతకం లేదు.

“వదినా, మూత తీయకుండా లోపల అరిగిపోయే లైనింగ్ పట్టీ ఎలా మారుస్తారు?” అన్నాడు మరిది.

“మార్చరు, మరిదీ. స్టాంపు కొడతారు.”

కంపెనీ ఆఫీసు ఒక వీధి మలుపులో, కింది అంతస్తులో ఉంది. హాల్లో అందరికీ కలిపి ఒక ఫోన్, గోడవారన ఇనుప తాళ్ల చుట్టలు, అద్దాల గదిలో యజమాని కంప్యూటరు. ఆయన రోజూ పదకొండింటికి పక్క వీధిలో బీపీ చూపించుకోవడానికి వెళతాడు. అరగంట కుర్చీ ఖాళీ. కంప్యూటరు తెరిచే మాట ఒక చీటీ మీద రాసి తెరకే అంటించి ఉంది. వదిన ఆ చీటీ చూసి నిట్టూర్చింది.

ఆమె ముందు సామాన్లగదిలోకి వెళ్లి తలుపేసుకుని ఆ దూరపు చుట్టానికి ఫోన్ చేసింది. బయటికి వచ్చేసరికి పావుగంట పట్టింది. మొహంలో ఏమీ తెలియలేదు.

“సోమవారం పదకొండూ ఇరవైకి ఈ హాల్లోని ఫోన్ నుంచి ఒక మగగొంతు మాట్లాడింది. ‘నేను యజమానిని మాట్లాడుతున్నాను, జలుబు చేసి గొంతు బాగోలేదు, ఆసుపత్రి విజిట్ వాయిదా వెయ్యి’ అంది. ఆ మాట రాతలో కావాలని అడిగితే, రెండు నిమిషాల్లో యజమాని కంప్యూటరు నుంచే వచ్చింది. తర్వాత ఇక్కడ దాన్ని చెరిపేశారు. అక్కడ కాపీ ఉంది.”

ఆమె తన ఫోన్లోంచి చదివింది: “‘కంటి ఆసుపత్రి విజిట్ వచ్చే నెలకు మార్చండి. వాళ్ల ఉత్తరం తీసేయండి. బ్రేకు సంగతి నేను చూసుకుంటాను.’” తర్వాత యజమాని రాసిన పాతవి రెండు చదివింది. “‘అమ్మా, రేపు మూడు లిఫ్టులే పెట్టు.’ ‘అమ్మా, ఆ డాక్టరుకు మర్యాదగా జవాబు రాయి.’ రాసుకున్నావా, మరిదీ?”

రాసుకున్నాడు. ఎందుకో మాత్రం అర్థం కాలేదు.

మొదట పిలిచింది రిజిస్టరు బాబాయిని. ముప్ఫై ఏళ్లుగా ఈ ఆఫీసులో గుమస్తా. స్టాంపు ఉండేది ఆయన బల్ల మీదే.

“ఆవిడ రాకముందు ఏ లిఫ్టు ఎప్పుడు చూడాలో నా వేళ్ల మీద ఉండేదమ్మా. ఇప్పుడు నన్నడిగే దిక్కు లేదు. కోపం లేదని అబద్ధం చెప్పను.”

“సోమవారం ఆ ఫోన్ మీరు చేశారా?”

“నేనా? రెండేళ్లలో ఆవిడ ఒక్క తప్పు చేయలేదు. ఎప్పుడు చేస్తుందా అని కాచుక్కూర్చున్నాను. అదే నా ఒళ్లుమంట. అంతేగానీ మనుషులు ఎక్కే లిఫ్టుతో ఆటలాడతానా?” ముసలాయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

“ఆమెతో ఎప్పుడైనా మాట్లాడారా?”

“ఆవిడ గొంతెలా ఉంటుందో కూడా తెలియదు.”

తర్వాత హెడ్ మెకానిక్. చేతులు తుడుచుకుంటూ నిలబడే ఉన్నాడు.

“మీరు చూపించిన కార్డు మీద తేదీ చూశానండి. ఆ పది రోజులూ నేను సెలవులో ఉన్నాను, మా ఆవిడకు ఆపరేషను. నా బదులు ఎవరు వెళ్లారో నాకు తెలియదు. ఆ అమ్మాయితో నేనెందుకు మాట్లాడతాను? పొద్దున్నే జాబితా పంపిస్తుంది, నేను వెళతాను.”

చివరికి యజమాని అల్లుడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, మంచి మాటకారి. ఆదివారం నుంచి కంపెనీ పగ్గాలు అతని చేతికి రావాలి. మామగారు ఆ సంగతి అందరికీ చెప్పేశాడు కూడా.

“మామయ్యగారు మంచివారండి, అందరినీ నమ్ముతారు. మొహం తెలియని మనిషికి మొత్తం అప్పగిస్తే ఇంకేమవుతుంది? ఫిర్యాదు వచ్చిందా, చూశాడా, పక్కన పడేశాడా, ఎవరు చూడొచ్చారు? పోలీసులు గట్టిగా అడిగితే వాడే ఒప్పుకుంటాడు.”

“మీరెప్పుడైనా మాట్లాడారా?”

“ఒక్కసారి కూడా లేదు. నాకు అవసరమే పడలేదు.”

“కార్డు మీద స్టాంపు?”

“సెలవు రోజుల్లో బయటి మెకానిక్‌లను ఇద్దరిని పెట్టాం. వాళ్లెవరో కొట్టుంటారు.”

అప్పటికి మూడూ పది. యజమాని గడియారాన్ని, తలుపును మార్చి మార్చి చూస్తున్నాడు. వదిన మాత్రం అందరినీ అద్దాల గదిలో కూర్చోబెట్టి, ఫోన్ బల్ల మధ్యలో పెట్టి, అందరికీ వినబడేలా స్పీకరు నొక్కింది.

“నమస్కారమండి,” అంది ఫోను. “నేనే మాట్లాడుతున్నాను.”

అది బొంగురుగా, నిదానంగా ఉన్న మగగొంతు.

రిజిస్టరు బాబాయి కప్పులో టీ ఒలికింది. హెడ్ మెకానిక్ లేచి నిలబడ్డాడు. “ఎవరు? ఆ అమ్మాయి భర్తా?” అన్నాడు యజమాని.

“భర్తనే సార్. పని చేసేది కూడా నేనే. మొదటి రోజు మీరు ఫోన్ చేసినప్పుడు నేను ఫిజియోథెరపీలో ఉంటే మా ఆవిడ తీసింది. ఆ తర్వాత మీరు ‘అమ్మా’ అని రాస్తుంటే, సరిదిద్దితే మీరు నొచ్చుకుంటారని ఊరుకున్నాను. మా ఆవిడ కూడా ఇంట్లో నన్ను అలాగే ఆటపట్టిస్తుంది.”

ఎవరూ నవ్వలేదు. టెలిఫోన్ వదిన గదిలోని మొహాలన్నీ ఒకసారి చూసింది.

“ఈ గొంతు విని ముగ్గురు అదిరిపడ్డారు. ఒకరికి మాత్రం కొత్తగా అనిపించలేదు. ఈ ఆఫీసులో అందరూ ఆవిడ అన్నారు, ఆ అమ్మాయి అన్నారు. అల్లుడుగారూ, మీరొక్కరే ‘చూశాడా, పడేశాడా, వాడే ఒప్పుకుంటాడు’ అన్నారు. మాట్లాడకుండానే మగవాడని మీకెలా తెలిసింది?”

“మనిషి అనే ఉద్దేశంతో అన్నాను. మాటవరసకి అన్నమాట పట్టుకుని…”

“అందుకే రాత కూడా పట్టుకున్నాను. మీ మామగారు ‘అమ్మా’ అనకుండా ఒక్క ముక్క రాయరు, ‘పెట్టు, రాయి’ అంటారు. సోమవారం వచ్చిన దాంట్లో ‘అమ్మా’ లేదు. ‘మార్చండి, తీసేయండి’ అని ఉంది. అప్పుడే మగగొంతు విన్నవాడికి ‘అమ్మా’ అని రాయడానికి చెయ్యి ఎలా వస్తుంది?”

“నాకూ తేడాగా అనిపించిందండి,” అంది ఫోను. “ఇన్నాళ్లకు నా గొంతు విన్నారు కదా, సిగ్గుపడి మానేశారనుకున్నాను. బ్రేకు విషయం నెల ఆగకూడదని మళ్లీ రాశాను. మళ్లీ ‘నేను చూసుకుంటాను’ అనే జవాబు వచ్చింది.”

“ఇంకొక్కటి చెప్పండి. ఆ నాలుగు లిఫ్టులూ ఎందుకు ఆపించారు?”

“హెడ్ మెకానిక్ సెలవులో ఉన్న పది రోజుల్లో అయిదు బ్రేకులు మార్చాలి. ఆ అయిదూ చిన్నసారే, అదే మీ అల్లుడుగారే, చూస్తానన్నారని వంతుల జాబితాలో రాసి ఉంది. సార్ ఎప్పుడూ ఆ జాబితా తెరవరు. నిన్న ఆసుపత్రి లిఫ్టు పడిపోయిందని తెలియగానే మిగతా నాలుగూ గుర్తొచ్చాయి. అనుమతి అడిగేంత వ్యవధి లేదు, అందుకే ఆపించేశాను. తప్పయితే క్షమించండి.”

హెడ్ మెకానిక్ కళ్లు అల్లుడి మీద నిలిచిపోయాయి. వదిన ఫోన్‌ను మెల్లగా అల్లుడి వైపు జరిపింది.

“ఇంతకీ ఇది తేల్చడం చాలా తేలిక. ‘గొంతు బాగోలేదు, విజిట్ వాయిదా వెయ్యి’ అనండి. మీ గొంతు కాకపోతే ఆయనే చెబుతారు.”

అల్లుడు ఫోన్‌ను వెనక్కి తోసేశాడు.

“అను బాబూ,” అన్నాడు యజమాని. “నువ్వు కాదని అనిపించు. అను.”

చివరికి అతను తల వంచుకునే అన్నాడు. “వారంలో నేనే వెళ్లి మార్చేద్దామనుకున్నాను మామయ్యా. మంగళవారం మెకానిక్ వెళ్లి మూత తీస్తే ఉత్త స్టాంపని తెలిసిపోతుంది. ఆదివారం దాకా గడిస్తే చాలనుకున్నాను. పడిపోతుందనుకోలేదు.”

“మరి నేరం ఆ మనిషి మీదికి పోతుంటే?” అంది వదిన.

తన కూతురికి ఏం చెప్పాలని యజమాని ఎవరివైపూ చూడకుండా అడిగాడు.

హెడ్ మెకానిక్ అప్పటికే పనిముట్ల సంచీ భుజాన వేసుకున్నాడు. “ముందు ఎక్కడికి వెళ్లమంటారు?” అని యజమానిని కాదు, ఫోన్‌ను అడిగాడు.

“పిల్లల ఆసుపత్రికి, అన్నా. అది అయిదంతస్తులు. మోటారు గదిలో నేల మీద ఎడంపక్క పలక వదులుగా ఉంటుంది, దాని మీద కాలు పెట్టకండి.”

“నీకెలా తెలుసు?”

“ఆ రకం గదిలోంచే పడ్డాను. వేరే కంపెనీలో తొమ్మిదేళ్లు మెకానిక్‌గా చేశాను. అప్పట్నుంచి ఈ మంచం మీదే.”

యజమాని ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకున్నాడు. “అమ్మా…” అన్నాడు అలవాటుగా, ఆగిపోయాడు. ఇంత వయసు వచ్చిన మనిషి అందరి ముందూ ఏడ్చేశాడు. “బాబూ, నిన్ను పోలీసులకు అప్పగించేవాణ్ని. నీ జాబితా తెరవకుండా, నీ గొంతు వినకుండా అప్పగించేవాణ్ని.”

“ఇప్పుడు విన్నారు కదా సార్,” అన్నాడు అవతలి మనిషి.

సరిగ్గా నాలుగింటికి హాల్లో ఫోన్ మోగింది. రిజిస్టరు బాబాయి తీయబోతే యజమాని వద్దని, తానే వెళ్లి తీశాడు. అవతల డాక్టరు అడిగింది ఇక్కడిదాకా వినబడింది.

“రాసుకోండి డాక్టరుగారూ,” అన్నాడాయన. “రెండు పేర్లున్నాయి. మొదటిది నాది.”