నల్లబడే మెట్టె

తాళ్ళకుంటలో మనుషులు తాటిచెట్లెక్కడం మానేసి ముప్పై ఏళ్ళయింది. ఇప్పుడు మరలే ఎక్కి కల్లు లొట్లు దించుతున్నాయి. తాగే పనిని మాత్రం మనుషులు ఏ మరకూ అప్పజెప్పలేదు. కల్లులో నిద్రమందు కలిపే పాత విద్యా పోలేదు.

అందుకే సర్కారు శాస్త్రవేత్తలు చెమట మెట్టెను కనిపెట్టారు. గర్భిణి కాలివేలికి తొడిగితే, చర్మం మీద ఆల్కహాల్ జాడగానీ మత్తుమందు జాడగానీ తగలగానే తెల్లటి మెట్టె నల్లబడుతుంది, ఆ జాడ పోయాక గానీ మళ్ళీ తెల్లబడదు. మొగుడుండగా ఎవరూ మెట్టె తియ్యరు గనక ఇంతకు మించిన తాళం లేదని వాళ్ళు మురిసిపోయారు. నర్సు భుజాన వేలాడే పెట్టె పదడుగుల దూరం నుంచే నల్ల మెట్టెను పసిగట్టి బండిని పిలుస్తుంది. బండెక్కిన మనిషి కాన్పయ్యేదాకా జిల్లా నిర్బంధ గృహంలోనే.

తెలివైన వస్తువే. నర్సును చూస్తే ఆడవాళ్ళు తలుపులేసుకుంటారన్న సంగతి ఒక్కటే దానికి తట్టలేదు.

ఏడోనెల హంసిని నలభై రోజులుగా ఆసుపత్రి ముఖం చూడలేదు. ఆ పొద్దున నర్సు సువార్త ఇంటికే వెళ్ళింది. గడపలో అత్త రేణవ్వ అడ్డంగా కూర్చుంది.

"పండుకున్నది బిడ్డా. గా పెట్టె బయట వెట్టి రా."

"డ్యూటీల ఉంటే ఇది భుజం మీంచి ఊడదవ్వా" అంటూ సువార్త లోపలికి నడిచింది.

హంసిని గోడకానుకుని ఉంది. చేతులు గడగడ వణుకుతున్నాయి.

"రెండొద్దులాయె అక్కా, సుక్క ముట్టలే. మెట్టె ఇంక తెల్లబడతలేదు."

ఈ వణుకు సువార్తకు తెలిసిందే. మందుకల్లు ఒక్కసారిగా మానితే ఫిట్స్ వస్తాయి, తల్లీబిడ్డలిద్దరికీ గండం. డాక్టరు దగ్గరుండి మెల్లగా మాన్పించాలి. నిర్బంధ గృహంలో తాళాలున్నాయి గానీ డాక్టరు లేడు.

పెట్టె పలికింది. "నల్ల మెట్టె ఒకటి. నేరం. పావుగంటలో బండి వస్తుంది."

"డాక్టరును పిలువు."

"డాక్టరు రోగానికి. నేరానికి బండి."

"ఇది రోగమే."

"ఒక్కరికైతే కాదు. ఒకే ఊళ్ళో పదిమంది దాటితే కల్తీ ప్రమాదం. అప్పుడే డాక్టర్లు."

గడపలో రేణవ్వ ఈ మాట విన్నది. "కడుపుల సల్లగుంటదని నేనే తాపితి" అని గొణుక్కుంటూ లేచి, లొట్టి చంకన పెట్టుకుని వీధిలోకి పోయింది.

"ఎనిమిది నిమిషాలు" అంది పెట్టె.

హంసిని దవడలు బిగుసుకుంటున్నాయి. సువార్త ఆమెను పక్కకు ఒరిగించి పట్టుకుంది.

"మూడు నిమిషాలు."

అప్పుడు వాకిట్లో కల్లు వాసన గుప్పుమంది. సర్పంచి కోడలు మొదలు ఊళ్ళో కడుపుతో ఉన్నవాళ్ళంతా వరసగా నిలబడ్డారు. చాలామంది కాళ్ళు తడితడిగా, అందరి మెట్టెలూ కారునలుపుగా ఉన్నాయి.

పెట్టె ఒక్కో మెట్టెనూ లెక్కపెట్టింది. "పంతొమ్మిది. కల్తీ ప్రమాదం. బండి వాపసు. డాక్టర్లు ఎగిరి వస్తున్నారు."

వాళ్ళు వచ్చి సూది వేశాక హంసిని వణుకు తగ్గింది. కడుపులో బిడ్డ గుండె నిలకడగా కొట్టుకుంటోంది. సువార్త వాకిట్లోకొచ్చి ఊపిరి పీల్చుకుంది.

"పద్దెనిమిది మందికి కాళ్ళ మీద పోస్తివి గద అవ్వా. ఇగ కడుక్కొని పొమ్మను."

రేణవ్వ తల అడ్డంగా ఊపింది.

"నేను పోసింది పద్నాలుగు మందికే బిడ్డా. నలుగురు పొయ్యనియ్యలే. మాకు పొయ్యుడెందుకవ్వా అనుకుంట ఎనుకెనుక నడిసొచ్చిన్రు."